పోయిన పేజీ కోసం దమ్మపేట దాకా

కంప్యూటర్‌లో ఒకసారి చూసిన పేజీ మళ్లీ దొరక్కపోవడం మీ వయసువాళ్లకు పెద్ద విషయంగా అనిపించకపోవచ్చు. మా ఆఫీసులో ఒకప్పుడు ఆ కారణంగానే కొన్నాళ్లు ఎవరికీ అన్నం సయించలేదు. ఒక మనిషి ఇంటికి చేరుతుందా, పేరు లేకుండా ఎక్కడో ఉండిపోతుందా అన్నది ఆ పేజీ మీదే ఆధారపడి ఉందని మేం నమ్మాం.

భద్రాచలంలో ఒక ఆడవాళ్ల ఆశ్రయ గృహంలో కేస్ వర్కర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఈ ఉద్యోగంలోకి ఇప్పుడిప్పుడే వస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. దారి తప్పినవాళ్లు, ఇంట్లోంచి వెళ్లగొట్టబడినవాళ్లు, మతి స్థిమితం లేక తిరుగుతూ దొరికినవాళ్లు మా దగ్గరికి వచ్చేవారు. వాళ్లకు కొన్నాళ్లు నీడ ఇచ్చి, ఇల్లు కనుక్కుని పంపడం మా పని. ఆ రెండోది మా వైపు కొంచెం కష్టం. చర్ల దాటి అడవిలో నడిస్తే ఛత్తీస్‌గఢ్ వస్తుంది, ఇంకొంచెం పక్కకు తిరిగితే ఒడిశా. రెండు రోజులు నడిచిన మనిషి ఒక రాష్ట్రం దాటుతుంది, మూడు భాషలు దాటుతుంది. బోర్డులు మారినట్టు ఆమెకు తెలియదు. ఆమె ఎక్కడి నుంచి బయల్దేరిందో మనకు తెలియదు.

చర్ల వైపు రోడ్డు మీద ఒంటరిగా నడుస్తున్న ఆమెను పోలీసులు మా దగ్గరికి తీసుకొచ్చారు. యాభైకి అటూ ఇటూగా ఉంటుంది. జుట్టు జడలు కట్టింది, కాళ్లు పగిలి నెత్తురోడుతున్నాయి, నుదుటి మీద పచ్చబొట్టు. ఎవరు దగ్గరికి వెళ్లినా గోడ వైపు తిరిగి కూర్చునేది. తలలో పుండ్లు పడ్డాయని జుట్టు తీయించాల్సి వచ్చింది. దవాఖానాలో మందులు మొదలుపెట్టారు. పేరు తెలియదు కాబట్టి అందరం పెద్దమ్మ అన్నాం. ఆ పిలుపుకు పలికేది కాదు, కాని కోప్పడేదీ కాదు.

మా వంటామెది కోయ కుటుంబం. ఎవరు ఏ ఊరి అడవి నుంచి వచ్చినా మొదట ఆమెనే పిలిచేవాళ్లం. పెద్దమ్మ దగ్గర రెండు పూటలు కూర్చుని వచ్చి చెప్పింది: "అక్కా, మా మాట కాదు. ఒకటి రెండు మా లెక్కనే వినొస్తున్నయి గానీ, మాట్లాడేది వేరే."

హిందీ తెలిసిన కానిస్టేబుల్‌ను తెచ్చాం. ఒడియా వచ్చిన తాపీ మేస్త్రిని తెచ్చాం. పెద్దమ్మ వాళ్ల మొహాలు చూసి ఊరుకునేది. ఎప్పుడైనా తనంతట తాను నోరు తెరిస్తే ఒకే మాట పదే పదే అనేది. అది ఊరి పేరనుకుని మ్యాపులో వెతికాం. దగ్గర దగ్గరగా అలా పలికే ఊళ్లు దొరికాయి. అక్కడి పోలీసులకు ఫోన్లు చేశాం. ఎవరూ ఆమెను ఎరగమన్నారు.

నెలలు గడిచాయి. మందులు పనిచేశాయి. ఒళ్లు తేరుకుంది. పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చేది, వంటామె పక్కన కూర్చుని చింతపండులో గింజ తీసేది. గోడ వైపు తిరగడం మానేసింది. మా సూపరింటెండెంట్ మేడం నవ్వడం అరుదు. ఆవిడ కూడా ఒకసారి పెద్దమ్మ ఊడ్చిన వాకిలి చూసి, ఇంత శుభ్రంగా నా ఇల్లు కూడా ఉండదని అన్నారు.

అదే సమయంలో పైనుంచి ఉత్తర్వు వచ్చింది. కుటుంబం ఆచూకీ తెలియని మానసిక రోగులను మా వంటి చోట్ల ఎక్కువకాలం ఉంచకూడదు, హైదరాబాద్‌లోని పెద్ద సంస్థకు పంపాలి. అక్కడ వైద్యం బాగుంటుంది, కాదనను. కాని ఇక్కడే ఎవరికీ అర్థం కాని మాట అక్కడ ఎవరికి అర్థమవుతుంది? పంపిస్తే ఇక ఆమె ఇల్లు వెతికేవాళ్లు ఉండరని మాకు తెలుసు. మేడం కొంత గడువు అడిగి తీసుకున్నారు. అంతకుమించి ఆవిడ చేయగలిగిందేమీ లేదు.

ఒకరోజు పక్కింటి మేకపిల్ల ఒకటి గేటు సందులోంచి మా ఆవరణలోకి వచ్చింది. పెద్దమ్మ చీపురు పక్కన పెట్టి దాన్ని ఎత్తుకుంది. చంకలో పెట్టుకుని, తల కొంచెం పక్కకు వంచి మా వైపు చూసింది. నేను ఫైళ్లతో వరండాలో నిలబడి ఉన్నాను. ఆ మనిషిని అలా, మేకపిల్లతో, తల పక్కకు వంచి ఉండగా ముందే ఎక్కడో చూశానని నాకు గట్టిగా అనిపించింది.

మధ్యాహ్నానికి గుర్తొచ్చింది. పెద్దమ్మ మా దగ్గరికి రాకముందు, సరిహద్దు అవతలి నుంచి పారిపోయి వచ్చిన ఒక అమ్మాయి కేసు చూశాను. ఆ అమ్మాయి వివరాల కోసం కంప్యూటర్‌లో ఏవేవో పేజీలు తిప్పాను. వాటిలో ఒక హిందీ వార్తల పేజీలో తప్పిపోయిన ఆడమనిషి ఫోటో ఉంది. మేకపిల్లను ఎత్తుకుని ఉంది. నుదుటి మీద పచ్చబొట్టు ఉంది. నాకు కావలసిన అమ్మాయి కాదు కాబట్టి దాటేసి ముందుకు పోయాను.

వెంటనే మేడం గదిలోకి వెళ్లి చెప్పాను.

"ఎక్కడ చూసినవ్?" అన్నారు.

"కంప్యూటర్ల, మేడం."

"కంప్యూటర్ల ఎక్కడ?"

మీరైతే ఆ మాట మీదే నవ్వుతారు. ఒక పత్రిక కత్తిరించి పెట్టుకుంటే ఏ అరలో పెట్టామో వెతుకుతాం. కంప్యూటర్‌లో చూసినదానికి అర ఏది? ఆ పేజీ పేరేమిటో, ఏ మాట కొడితే వచ్చిందో, ఏ పేజీ నుంచి ఏ పేజీకి వెళ్లి అక్కడ తేలానో నాకేమీ గుర్తులేదు. ఫోటో ఒక్కటే గుర్తుంది.

తెలుగులో వెతికాను. ఇంగ్లీషులో వెతికాను. మేడం చిన్నప్పుడు హిందీ పరీక్షలు కట్టి పాసైన మనిషి, ఆవిడ హిందీలో కొట్టి ఇచ్చారు. తప్పిపోయిన ఆడవాళ్లు ఇంతమంది ఉంటారా అనిపించేన్ని ఫోటోలు వచ్చాయి. అందులో మేకపిల్ల ఉన్నది లేదు.

అప్పుడు మా ఆఫీసుకు కొత్తగా వచ్చిన ఆపరేటరు అమ్మాయిని పిలిచి అడిగాను, మనం చూసిన పేజీలన్నీ కంప్యూటర్ గుర్తుపెట్టుకుంటుందంటారు కదా అని. ఆ అమ్మాయి మొహం చిన్నబోయింది. "హిస్టరీ మొత్తం పోయిందక్కా. సిస్టం మస్తు స్లో ఉంటుందని నేనే ఫార్మాట్ కొట్టించిన."

ఆమెను ఏమనగలం? అంతకుముందు ఆ కంప్యూటర్ తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు. బాగుచేసినందుకు మేమే మెచ్చుకున్నాం.

కాసేపాగి ఆ అమ్మాయే ఇంకో సంగతి చెప్పింది. బ్రౌజర్‌లో ఎవరి మెయిల్ ఖాతా అయినా తెరిచి ఉండి ఉంటే, చూసిన పేజీలన్నీ కంప్యూటర్‌లోనే కాక ఆ ఖాతాలో కూడా నమోదవుతాయట. కంప్యూటర్ తుడిచేసినా ఖాతాలోవి ఉంటాయట. ఎవరి ఖాతా ఉండేదని అడిగింది. మేడం, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ ఖాతా పాత ఆపరేటరుది. తను వెళ్లిపోయాక కూడా దాన్ని ఎవరూ తీసేయలేదు. అలా తీసేయాలని మాకు తెలియనే తెలియదు.

పాత ఆపరేటరు గురించి చెప్పాలి. కాంట్రాక్టు మీద ఉండేవాడు. పని వచ్చినవాడే, కాని వేళకు వచ్చేవాడు కాదు. దమ్మపేట నుంచి రోజూ రాకపోకలు, మధ్యలో బస్సులు, ఇంట్లో మంచం పట్టిన తండ్రి. కాంట్రాక్టు పొడిగించే సమయంలో, సమయపాలన లేదని మేడం రాశారు. పొడిగింపు రాలేదు. రాసినది అబద్ధం కాదు. రాయకుండా ఉన్నా ఎవరూ అడిగేవారు కాదు. వెళ్లేరోజు నాతో, వంటామెతో చెప్పి వెళ్లాడు గాని మేడం గది వైపు చూడలేదు. ఇప్పుడు దమ్మపేటలో ఆన్‌లైన్ పనులు చేసిపెట్టే షాపు పెట్టుకున్నాడు.

మేడం ఫోన్ చేస్తే ఎత్తలేదు. నేను చేస్తే ఎత్తాడు. విషయమంతా విన్నాడు. పెద్దమ్మ రాకముందే అతను వెళ్లిపోయాడు కాబట్టి ఆమె సంగతి అతనికి తెలియదు. అంతా విని అన్నాడు: "అక్కా, నువ్వడిగితే కాదనను. గానీ రేపు ఆఫీసు డేటా నా తాన ఉన్నదని ఎవలన్న కేసు పెడితే? మేడం వచ్చి తన నోటితోటి అడగాలె."

అది పంతమో భయమో నాకు తెలియలేదు. రెండూ అయి ఉంటాయి. ఆ మాట మేడంకు ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. చెప్పాను. ఆవిడ కళ్లద్దాలు తుడుచుకుని, రేపు పొద్దున్నే బయల్దేరదామన్నారు.

దమ్మపేటలో అతని షాపు బస్టాండు దగ్గరే. చుట్టూ పామాయిల్ తోటల రైతులు కాగితాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. మమ్మల్ని చూశాడు. లేచి నమస్తే పెట్టాడు, కాని పని ఆపలేదు. వీళ్లది అయిపోనివ్వండి మేడం అన్నాడు. ప్లాస్టిక్ స్టూలు ఒకటే ఉంది. మేడం దాని మీద కూర్చున్నారు. ఆఫీసులో ఎవరైనా ఆవిడను ఐదు నిమిషాలు నిలబెడితే గోడలు అదిరేవి. ఆ రోజు, వరుసలో ఆఖరి రైతు పని అయ్యేదాకా చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

షాపు ఖాళీ అయ్యాక ఆవిడే మొదలుపెట్టారు. "ఒక మనిషి ఇల్లు దొరకాలె. నీ ఖాతా తెరిచి చూపెడ్తావా? ఆఫీసు తరఫున నేనే అడుగుతున్న. ఎవలన్న ఏమన్న అంటే నా పేరు చెప్పు."

అతను కంప్యూటర్ వైపు తిరిగి తన ఖాతా తెరిచాడు. పాత తేదీల్లోకి వెళ్లాడు. చూసిన ఒక్కో పేజీ పేరు ఒక్కో గీతలా, గీతల వెంట గీతలు దిగాయి. అతను వెళ్లిపోయిన రోజు నుంచి కంప్యూటర్‌ను తుడిచేసిన రోజు దాకా మా ఆఫీసులో ఎవరు ఏం చూశారో అంతా అందులో ఉంది.

అతను చెయ్యి ఆపేశాడు. "నేను ఆఫీసు ఇడిసి వచ్చినంక మీరు చూసినయి కూడా అన్నీ ఉన్నయి ఇండ్ల. నేను ఒక్కనాడు తెరవలే మేడం. నమ్మితే నమ్మండి." అని లేచి, కుర్చీ నాకిచ్చి, తెర మా వైపు తిప్పాడు. "మీయి మీరే చూసుకోండి. నేను బయట ఉంట."

వెళ్లి ఎదురుగా టీ కొట్టు దగ్గర మాకు వీపు పెట్టి నిలబడ్డాడు.

ఈ ఉద్యోగంలో నాకు చాలామంది మర్యాద చేశారు. ఆ రోజు అతను చేసిన మర్యాద మాత్రం వేరు. ఎందుకన్నది ఆ గీతలు చదవడం మొదలుపెట్టగానే తెలిసింది. మా ఆయనకు చక్కెర పెరిగి పాదాల్లో మంటలు పుట్టిన రోజుల్లో నేను వెతికినవి ఉన్నాయి. పాదం తీసేస్తారా అని కూడా వెతికాను. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. కిందికి పోతే, ముందుగా పదవీ విరమణ తీసుకోవడానికి నియమాలేమిటని మేడం వెతికినవి ఉన్నాయి. ఒకసారి కాదు, వారాల తరబడి. ఆవిడ ఉద్యోగం వదిలేద్దామనుకున్నారని మా ఆఫీసులో ఎవరికీ తెలియదు. నేను గోడ మీద క్యాలెండరు చూశాను. ఆవిడ కూడా నా గీతలు వచ్చినప్పుడు బస్టాండు వైపు చూశారు.

కొంతసేపటికి మేడం లేచి గుమ్మం దాకా వెళ్లి పిలిచారు. "తమ్ముడూ, లోపలికి రా. నీ ముందర దాచేటంత ఏం లేదు ఇండ్ల."

అతను వచ్చాడు. ఆవిడ కూర్చోకుండానే అన్నారు: "నీ గురించి రాసింది నేనే. లేనిది రాయలే. గాని రాసే ముందు నిన్ను పిలిచి ఏంది సంగతని అడగాల్సింది. అడగలే."

"ఇప్పుడదెందుకు మేడం," అన్నాడు అతను. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆ తర్వాత పని వేగంగా సాగింది.

గీతలు వందల్లో ఉన్నాయి. నాకు కావలసిన పేజీ పేరు నాకు తెలియదు. అందుకని అతను నన్ను వేరే ప్రశ్నలు అడిగాడు. ఆ రోజు ఇంకా ఏమేం చూశావక్కా, ఆ పేజీకి ముందో తర్వాతో? ఆలోచించాను. ఆ పారిపోయి వచ్చిన అమ్మాయిని పంపడానికి సరిహద్దు అవతల కుంట అనే ఊరి నుంచి బస్సులు ఎప్పుడున్నాయో చూశాను. అది ఆ రోజే. వానపడి కరెంటు పోయి, మళ్లీ వచ్చాక మళ్లీ చూశాను. అతను కుంట బస్సుల గీతలు వెతికి పట్టుకున్నాడు. ఒకదానికొకటి కొద్ది దూరంలో రెండుసార్లు ఉన్నాయి. ఆ రెండింటి మధ్య నాలుగైదు హిందీ పేర్లు. మేడం కూడబలుక్కుని ఒక్కొక్కటే చదివారు. ఒకదాంట్లో తప్పిపోయిన మహిళ అన్న మాట ఉంది.

నొక్కాడు. ఆ పేజీ ఇప్పుడు లేదని వచ్చింది.

అంత దూరం వచ్చి అక్కడ ఆగిపోయాం. పత్రికవాళ్లు పాత వార్తలు తీసేస్తుంటారట. గుర్తు ఉంది, గుర్తు చూపించే వస్తువు లేదు. నేను ఇక లేద్దామన్నాను. అతను మాత్రం ఆ పేజీ చిరునామా మొత్తం తీసుకుని ఇంకో సైటులో పెట్టాడు. పాత వెబ్ పేజీల నకళ్లు దాచే సైటు ఒకటి ఉందట. అన్నీ ఉండవు, ఉంటే మన అదృష్టమన్నాడు. తెర చాలాసేపు తెల్లగా ఉండిపోయింది. తర్వాత అక్షరాలు వచ్చాయి. ఫోటో రాలేదు. ఫోటో ఉండాల్సిన చోట ఖాళీ గడి ఉంది.

మేడం చదివి చెప్పారు. ఛత్తీస్‌గఢ్‌లో సుక్మా అవతల కొండల్లో ఒక ఊరు. యాభై ఏళ్ల మనిషి. నుదుట పచ్చబొట్టు. ఖమ్మం వైపు మిర్చి ఏరడానికి కూలీలతో పోయి తిరిగి రాలేదు. మతి సరిగా ఉండదు. ఆచూకీ తెలిస్తే ఫలానా ఠాణాకు చెప్పాలి. కొడుకు వెతుకుతున్నాడు.

ప్రతి మాటా పెద్దమ్మకు సరిపోయింది. మేడం ఆ షాపులో నుంచే ఠాణాకు ఫోన్ చేశారు. పెద్దమ్మ ఇప్పటి ఫోటో పంపించారు. తిరుగు ప్రయాణంలో ఆవిడ మొహం చూస్తే సంతోషం తెలుస్తోంది. నేను కూడా ఇల్లు చేరేదాకా అదే సంతోషంలో ఉన్నాను.

ఠాణావాళ్లు ఆ ఊరికి కబురు పంపారు. కొడుకు సంతరోజున కొండ దిగి వచ్చి, కానిస్టేబుల్ ఫోన్‌లో ఫోటో చూశాడట. జుట్టు లేదు, మొహం మారింది, కావచ్చు, వెళ్లి చూస్తానన్నాడట. ఆ 'కావచ్చు' అన్న మాట ఫోన్‌లో మాకూ చెప్పారు. మేం దాన్ని పట్టించుకోలేదు.

అతను వచ్చే రోజున వంటామె పెద్దమ్మకు కొత్త చీర కట్టించింది. ఆపరేటరు అమ్మాయి కొత్తగా పెరుగుతున్న జుట్టును నూనె రాసి దువ్వింది. పెద్దమ్మకు ఏదో జరుగుతోందని తెలుస్తోంది, ఏమిటో తెలియదు. వరండాలో చాప మీద కూర్చుంది. పొద్దెక్కాక గేటు దగ్గర సన్నగా, పొడుగ్గా ఒక ముప్పై ఏళ్ల మనిషి నిలబడ్డాడు. భుజాన సంచి. లోపలికి రాగానే ఆ సంచిలోంచి ఆడవాళ్ల చెప్పుల జత తీసి చేత్తో పట్టుకున్నాడు. దారిలో కుంటలో కొన్నాడట.

వరండా మెట్ల దాకా వచ్చి ఆగాడు. పెద్దమ్మను చూశాడు. ఇంకో మెట్టు ఎక్కి చూశాడు. మిర్చి తోటల్లో కూలికి వచ్చి నేర్చుకున్న తెలుగు అతనిది. మా వైపు తిరిగి అన్నాడు:

"మా అమ్మ కాదు."

మేడం చేతిలో కాగితాలు అలాగే ఉన్నాయి. అతను తన ఫోన్ తీసి నాకు చూపించాడు. మేకపిల్లను ఎత్తుకున్న ఆడమనిషి, తల పక్కకు వంచి ఉంది. నేను చూసిన ఫోటో అదే, సందేహం లేదు. ఫోటో నాకు సరిగ్గానే గుర్తుంది. అందులో ఉన్నది పెద్దమ్మ కాదు, అంతే. పక్కపక్కన పెట్టి చూస్తే అంత పోలిక కూడా లేదు. నుదుటి పచ్చబొట్టు, మేకపిల్ల, తల వంచిన తీరు కలిసి నాకు ఇద్దరిని ఒకే మనిషిగా చూపించాయి.

అతను మెట్టు మీద కూలబడ్డాడు. చెప్పులు పక్కన పెట్టాడు. తల వంచుకుని తన భాషలో తనకు తానే ఏదో అనుకున్నాడు. మాకు వినబడీ వినబడనంత మెల్లగా.

పెద్దమ్మ తలెత్తింది.

చాప మీద నుంచి ముందుకు జరిగి ఏదో అంది. అతను తిరిగి చూశాడు. ఏదో అడిగాడు. ఆమె జవాబు చెప్పింది. అతను మళ్లీ అడిగాడు. ఇక ఆమె ఆగలేదు. ఇన్ని నెలలు ఒక్క మాట తప్ప మాట్లాడని మనిషి, అతని మోచేయి పట్టుకుని ఊపిరి తీసుకోకుండా మాట్లాడింది. ఏడుస్తూ మాట్లాడింది, మధ్యలో కోపంగా మాట్లాడింది. అతను తలాడిస్తూ విన్నాడు. వంటామె గుమ్మంలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అది ధుర్వ భాష, సుక్మా వైపు కొండల్లో కొద్దిమంది మాట్లాడేది. అతని భాషా అదే. పెద్దమ్మ వాళ్లూ మిర్చి ఏరడానికే వచ్చారు. చేలో జ్వరం తగిలి మాట తడబడుతుంటే, కూలీల మేస్త్రి ఆమెను ఇంటికి పొమ్మని ఏదో బండి ఎక్కించాడు. ఎక్కడ దిగాలో తెలియక ఎక్కడో దిగింది. అక్కడి నుంచి నడుస్తూనే ఉంది. మేం ఊరి పేరనుకుని మ్యాపుల్లో వెతికిన మాట, ఆమెతో పాటు చేలోకి వచ్చిన ఆడపడుచు పేరు.

అతను ఒక్కొక్కటే అడిగి మాకు తెలుగులో చెప్పాడు. ఆమె పేరు చెప్పాడు. ఊరు చెప్పాడు. ఆ ఊరు తనకు తెలుసన్నాడు. తమ ఊరివాళ్లూ వాళ్లూ ఒకే సంతకు వస్తారట. "వచ్చే సంతకు చెప్త. వాళ్లు వస్తరు," అన్నాడు.

మేడం అతనితో, అంత దూరం నుంచి పిలిపించి ఇలా అయిందని, చాలా బాధగా ఉందని అన్నారు. అతను మాట కోసం తడుముకుంటూ అన్నాడు: "పిలిచిండ్రు కద, వచ్చిన. రాకపోతే ఇంట్ల కూసుని అనుకుంట ఉందు, ఆమె మా అమ్మనే అని."

వంటామె అన్నం పెడితే తిన్నాడు. పెద్దమ్మ పక్కనే కూర్చుని కూర వేయమని వంటామెకు చేత్తో చూపించింది. వెళ్లేటప్పుడు ఆమె గేటు దాకా అతని వెంట నడిచింది. అతను చెప్పుల వైపు ఒకసారి చూసి, తీసి మళ్లీ సంచిలో పెట్టుకున్నాడు. ఇస్తాడేమో అనుకున్నాను. ఇవ్వలేదు. ఎందుకివ్వాలి, అవి వాళ్లమ్మవి.

సంత దాటాక పెద్దమ్మ భర్త, ఆ ఆడపడుచు వచ్చారు. ఆడపడుచు గేటు బయటే నిలబడిపోయింది, తనను ఒంటరిగా బండి ఎక్కనిచ్చినందుకు పెద్దమ్మ ఏమంటుందోనని. పెద్దమ్మ వెళ్లి ఆమె చెయ్యి పట్టి లోపలికి తీసుకొచ్చి, మేం కూర్చోబెట్టే చాప మీద, ఇంటికి వచ్చిన చుట్టాన్ని కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టింది. కాగితాలు పూర్తయ్యాయి. హైదరాబాద్ ఉత్తర్వు రద్దు చేయమని మేడం రాసి పంపారు.

పాత ఆపరేటరుకు ఫోన్ చేసి జరిగినదంతా చెప్పాను. "అయితే మనం వెతికింది ఒకలని, దొరికింది ఇంకొకలు," అన్నాడు. తర్వాత ఒక ఆదివారం తనే వచ్చి, మా కంప్యూటర్‌లో ఆఫీసుకంటూ వేరే ఖాతా పెట్టి, తన ఖాతాలోని మా గీతలన్నీ మా కళ్ల ముందే చెరిపేశాడు. చెరిపేముందు ఆ ఒక్క పేజీని మాత్రం ప్రింటు తీసి ఇచ్చాడు. చూసిన పేజీకి గుర్తు పెట్టుకుంటే సరిపోదని, గుర్తు ఉన్నా పేజీ పోతుందని, అవసరమైనది మొత్తంగా దాచుకోవాలని మా అందరికీ నేర్పాడు. ఈ పనిలో ఉన్నవాళ్లు అది నేర్చుకోండి. మీకు ఈ రోజు అవసరం లేని మొహం రేపు అవసరం కావచ్చు. మీ జ్ఞాపకం మీద ఎక్కువ నమ్మకం పెట్టుకోకండి. అలాగని దాన్ని తోసిపుచ్చకండి కూడా. నా జ్ఞాపకం చెప్పింది తప్పే, కాని అది తప్పు చెప్పకపోయి ఉంటే పెద్దమ్మ ఈపాటికి ఎక్కడ ఉండేదో నాకు తెలియదు.

ఆ కొడుకు నా నంబరు తీసుకున్నాడు. సంతకు దిగి సిగ్నల్ దొరికినప్పుడు ఫోన్ చేసేవాడు. బాగున్నారా అని అడిగి, మీ దగ్గరికి కొత్తగా ఎవరన్నా వచ్చారా అని అడిగేవాడు. వాళ్లమ్మ ఫోటో ఇప్పుడు మా జిల్లాలోనే కాక పక్క జిల్లాల ఆశ్రయ గృహాల్లో కూడా ఉంది. ఆమె ఇంకా దొరకలేదు.

నేను రిటైరయ్యానని అతనికి చెప్పలేదు. ఇప్పటికీ చేస్తాడు. లైన్‌లో ఉండమని చెప్పి, మా ఆయన ఫోన్ తీసుకుని ఆఫీసుకు కలుపుతాను. ఇప్పుడు అక్కడ పనిచేసే అమ్మాయి ఓపిగ్గా రిజిస్టరు చూసి చెబుతుంది. ఆ తర్వాత ఇటు తిరిగి, ఈ వారం ఎవరూ రాలేదు తమ్ముడూ అంటాను. సరే అక్కా, వచ్చే సంతకు చేస్త, అంటాడు.